కథల్లో అమరావతి, పేపర్లలో అమరావతి

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను చరిత్రకారుణ్ణి కాను, ముప్పై ఆరేళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తాను అని చెప్పాను. "మీరు చూసిందే రాయండి" అన్నారు. నేను చూసింది ఒక పేరు, ఆ పేరుకు రెండు ఊళ్లు. ఆ పేరు అమరావతి.

నేను 1972లో తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఆఫీసులో అయిదుగురం చందాలేసుకుని ఆంధ్రజ్యోతి వారపత్రిక తెప్పించుకునేవాళ్లం. సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు' అందులో వస్తున్న రోజులవి. బాపు గారి బొమ్మలతో మొత్తం నూరు కథలు. మొదటి కథ పేరు 'వరద'. కృష్ణ పొంగి ఇళ్లలోకి వచ్చేసరికి ఊళ్లో ఎక్కువ తక్కువలన్నీ నీళ్లలో కలిసిపోయిన కథ అది. పత్రిక వచ్చిన రోజున ఎవరు ముందు చదవాలన్నదానికి మాలో వంతులుండేవి. తరువాత 1990లలో శ్యామ్ బెనెగళ్ గారు ఈ కథలను హిందీలో దూరదర్శన్‌కు తీశారు.

ఆ కథల మోజుతో ఒక ఆదివారం గుంటూరులో బస్సెక్కి అమరావతి వెళ్లాను. సుమారు 35 కిలోమీటర్లు. అక్కడ నాకు కనిపించినవి మురుగుకాలవలు, దోమలు, చొక్కాలు లేని పిల్లలు. కథల్లో ఊరు ఏదీ అని కొంత నిరాశపడ్డాను. ఇంటికొచ్చి పాత సంచికలు మళ్లీ తిరగేస్తే, ఆ పేదరికం కథల్లోనూ ఉంది. నేనే నది, గుడిగంటలు మాత్రం గుర్తు పెట్టుకుని మిగతాది దాటేశాను. తప్పు రచయితది కాదు, చదివినవాడిది.

అమరావతిని రాజధాని చేయడం మన కాలంలో పుట్టిన ఆలోచన కాదని మిత్రులకు తెలిసిందే. శాతవాహనుల నాటి ధాన్యకటకం సంగతి అలా ఉంచి, 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి విడిచి ఇక్కడ కొత్త పట్నం కట్టించారు. జనం చెప్పుకునే కథ ప్రకారం, చెంచులను చంపించిన పాపానికి ఆయన తినే అన్నం పురుగులుగా కనిపించిందట. పరిహారంగా అమరేశ్వరుణ్ణి ఆశ్రయించి ఊరు కట్టాడట. కాలిన్ మెకంజీ దొర కాగితాల్లో ఉన్నది వేరు. కొత్త పట్నం ఇళ్ల కోసం దీపాలదిన్నెను తవ్వి ఇటుకలూ రాళ్లూ తీసుకుపోతున్నారని ఆయన గమనించాడు. 1816లో మళ్లీ వచ్చి ఆ శిల్పాల బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ దొర తవ్వించి కొన్ని శిల్పాలు మద్రాసుకు పంపాడు. ఇప్పుడవి చెన్నై మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఊరు ఒకటే. జనం కథలో అది ప్రాయశ్చిత్తం, సర్వేయరు కాగితంలో అది పాత స్తూపం పోయి కొత్త గోడ లేచిన సంగతి.

ఇక మన కాలానికి వద్దాం. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. ఆ సెప్టెంబరులో రాజధాని విజయవాడ పరిసరాల్లో అని శాసనసభలో ప్రకటన వచ్చింది. మరుసటి సంవత్సరం భూసమీకరణ మొదలయింది. 29 గ్రామాలు, 33 వేల ఎకరాల పైచిలుకు భూమి, సుమారు 28 వేలమంది రైతులు. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇంటిస్థలం, 250 గజాల వాణిజ్య స్థలం; జరీబు ఎకరానికి వెయ్యి, 450 గజాలు. కౌలు ఏటా మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు, పదేళ్లపాటు కొంచెం కొంచెం పెంచుతూ. భూమిలేని కూలి కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. రాష్ట్రంలోని ఊరూరి నుంచీ మట్టీ నీరూ తెచ్చారు.

ఆ రోజుల్లో పేపర్లు తెరిస్తే పేజీ నిండా రంగుల బొమ్మలు. అద్దాల మేడలు, కాలవల్లో పడవలు, చెట్లకింద నడిచే మనుషులు. అసెంబ్లీ, హైకోర్టు భవనాలకు లండన్ నుంచి నార్మన్ ఫాస్టర్ సంస్థ నమూనాలు గీసింది. 2017లో వాటిపై సినీ దర్శకుడు రాజమౌళి గారి సలహా కూడా తీసుకున్నారు. ఇంతాచేసి, కథల అమరావతి ఈ రాజధాని హద్దుల్లో లేదు. అది తుళ్లూరుకు పడమటగా ఉంది. 2022లో జిల్లాలు విభజించినప్పుడు పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. పేరు ఇటు వచ్చింది, ఊరు అక్కడే ఉండిపోయింది.

మా బావమరిదికి తుళ్లూరు వైపు ఎకరన్నర మెట్ట. నల్లరేగడి, పత్తి వేసేవాడు. సమీకరణ కాగితం చేతిలో పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. "ఏం చేయమంటావు బావా?" అన్నాడు. నా బల్లమీద పేపరు ఉంది, అందులో ఆ బొమ్మ ఉంది. "ప్రభుత్వం కాగితం మీద రాసిచ్చింది, సంతకం పెట్టు" అన్నాను. ముప్పై ఆరేళ్లు కాగితాన్ని నమ్మి బతికినవాణ్ణి, ఇంకేం చెబుతాను? పెట్టాడు.

2019 డిసెంబరు 17న మూడు రాజధానుల మాట వచ్చింది. అప్పటినుంచి అవే పేపర్లలో తుమ్మచెట్లు, తుప్పుపట్టిన ఇనుపచువ్వలు, పునాదుల్లో నిలిచిన నీళ్లు. ఒకే ఫొటో ఒక పేపర్లో అన్యాయం, ఇంకొక పేపర్లో దుబారా. 2021 నవంబరులో రైతులు హైకోర్టు నుంచి తిరుమలకు కాలినడకన బయలుదేరారు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్లీ మొదలుపెట్టారు. రంగుల బొమ్మలూ మళ్లీ వచ్చాయి. ఆ నడిమి అయిదేళ్లూ మా బావమరిది నన్ను ఒక్కమాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. ఆ చేలో ఏళ్ల తరబడి పత్తి తీసిన ఆమె ఒకరున్నారు. చేనికి తూర్పున ఏ మూల ముందు పగులుతుందో, ఎక్కడ నీరు నిలుస్తుందో ఆమెకే తెలుసు. పత్తి పోయాక ఆటోలో దూరపు ఊళ్లకు మిరపకోతకు పోతున్నారు. ఒకసారి కనిపించి, "మన చేను పేపర్లో పడిందంట గదా బాబుగారూ, నేనేమన్నా ఉన్నానా అందులో?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చి ఆలోచించాను. పేపరు బొమ్మలో ఆమె లేరు, తుమ్మచెట్ల ఫొటోలోనూ లేరు. పోనీ మనం జీవితమంతా రాసిన అడంగల్‌లో? పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, పంట, విస్తీర్ణం, నీటి ఆధారం, అన్నిటికీ గడులున్నాయి. పత్తి తీసిన మనిషికి గడి లేదు. అటువంటివారికి చోటిచ్చింది సత్యం గారి కథలే.

పేపర్లు అబద్ధమని నేననను. నగరం రావాలి, మా బావమరిది స్థలం అతని చేతికి రావాలి, ఆ పిల్లలకు ఉద్యోగాలు రావాలి. కాని ఆ 29 గ్రామాల్లో పనిచేసిన మన సభ్యులు చాలామంది ఉన్నారు. ఏ చేనును ఏ పేరుతో పిలిచేవారో, ఏ బావి ఎక్కడుండేదో, ఎవరు ఏ పనిచేసేవారో మనకింకా గుర్తుంది. కథలు రాయడం మనకు చేతకాకపోవచ్చు. గుర్తున్నంతవరకు ఒక నోటుపుస్తకంలో రాసి సంఘం ఆఫీసులో ఇవ్వవలసిందిగా మనవి. ముందుగా నాది ఇస్తున్నాను. మొదటి పేజీలో ఆ పత్తి తీసిన ఆమె పేరు, ఆమెను అడిగి రాశాను.