ఎక్సురే చూపని లెక్క: ఊపిరితిత్తుల పనిని భాగముల వారీగా కొలిచిన చరిత్ర

వికారాబాదు పట్టణమునకు సమీపమున అనంతగిరి కొండలు ఉన్నవి. హైదరాబాదు మీదుగా పారు మూసీనది పుట్టినది ఈ కొండలలోనే. చెట్ల నీడ, చల్లని గాలి, నగరపు పొగకు దూరము, అయినను రైలుకు దగ్గర; ఈ అనుకూలములను చూచియే నిజాం పాలన కాలములో ఇచ్చట క్షయరోగుల కొరకు శానటోరియమును నెలకొల్పినారు. వికారాబాదు నుండి పడమరగా రైలులో సుమారు 40 కిలోమీటర్లు పోయినచో తాండూరు వచ్చును. తాండూరు బండలు పరచిన ఇండ్లు తెలంగాణమంతట కనిపించును. అచ్చటి నేలలో ఉన్నది పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. దానిని గనులలో తవ్వి, కోసి, నునుపు చేసి అమ్ముదురు; సిమెంటు పరిశ్రమకు కూడ అదియే ఆధారము.

2016 నుండి ఈ రెండు ఊళ్ళును ఒకే జిల్లాలో ఉన్నవి. ఒక ఊరు మంచిగాలి కొరకు పేరు పొందినది. రెండవ ఊరి పనిలో రాతిధూళి తప్పనిది. గాలి మంచిదైనను, చెడ్డదైనను అది చేరునది ఊపిరితిత్తులకే. రోగము వలన గాని, ధూళి వలన గాని ఊపిరితిత్తి చెడినపుడు వైద్యునకు తెలియవలసినది ఒకటున్నది: చెడిన భాగము ఏది, మిగిలిన భాగము ఎంత పని చేయుచున్నది? ఈ ప్రశ్నకు అంకెలలో జవాబు చెప్పుటకు భౌతిక శాస్త్రము, రసాయన శాస్త్రము, వైద్యము కలిసి పనిచేయవలసి వచ్చినది.

శానటోరియముల కాలము

క్షయరోగమునకు కారణమైన బాక్టీరియాను 1882లో రాబర్ట్ కాక్ కనుగొన్నాడు. దానిని చంపగల స్ట్రెప్టోమైసిన్ సంగతి లోకమునకు తెలిసినది 1944లో. నడుమ గడచిన 60 ఏండ్లకు పైగా వైద్యుల చేతిలో ఉన్నవి మంచిగాలి, పుష్టికరమైన తిండి, విశ్రాంతి మాత్రమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో 1915లో క్రిస్టియన్ ఫ్రిమట్ మోలర్ నడుపనారంభించిన శానటోరియము గాని, తరువాత వచ్చిన అనంతగిరి గాని ఈ నమ్మకము మీద వెలసినవే.

విశ్రాంతి మనిషికే కాక, రోగము పట్టిన ఊపిరితిత్తికి కూడ కావలెనని ఆనాటి వైద్యులు తలచినారు. ఇటలీ దేశస్థుడు ఫోర్లానీని చూపిన మార్గమున, రొమ్ముగోడకు ఊపిరితిత్తికి నడుమ సూదితో గాలి నింపి ఊపిరితిత్తిని ముడుచుకొనునట్లు చేసెడివారు. అది కుదరనిచోట కొన్ని పక్కటెముకలను తీసివేసి రొమ్ముగోడనే లోనికి కుంగదీసెడివారు. మరికొంత కాలమునకు, రోగము పట్టిన భాగమును పూర్తిగా కోసి తీసివేయు శస్త్రచికిత్సలు వచ్చినవి.

చిక్కు ఇచ్చటనే వచ్చినది. 1895లో రాంట్జన్ కనుగొన్న ఎక్సురేలు ఊపిరితిత్తి నీడను చూపును. నీడ తెలుపునది ఆకారమును, పనిని కాదు. ఫలకము మీద శుభ్రముగా కనిపించిన చోట రక్తము పారకపోవచ్చును. మచ్చ ఉన్నచోట కొంత పని ఇంకను జరుగుచుండవచ్చును. మిగిలిన ఊపిరితిత్తి బలహీనమైనదని తెలియక రోగపు భాగమును కోసివేసినచో, రోగము పోయినను రోగి గడప దాటుటకే ఆయాసపడును.

ఒక్కొక్క ఊపిరితిత్తి పనిని విడిగా కొలుచుటకు 1932లో స్వీడన్‌లో యాకొబేయస్, అతని సహచరులు ఒక పద్ధతిని కల్పించినారు. వాయునాళములోనికి గొట్టమును దింపి కుడి, ఎడమ ఊపిరితిత్తుల గాలిని వేరువేరుగా కొలుచుటయే ఆ పద్ధతి. మెలకువగా ఉన్న రోగికి అది పెద్ద బాధ. దానివలన తెలియునది కుడిఎడమల భేదమే గాని, ఒకే ఊపిరితిత్తిలో పైభాగమెంత, కింది భాగమెంత అన్నది కాదు.

గాలి, రక్తము కలిసినచోటనే పని

ఊపిరితిత్తిలో కోట్లకొలది వాయుకోశములు ఉన్నవి. వాటి పలుచని గోడలలో కేశనాళికలు అల్లుకొని ఉండును. ఒకవైపు గాలి రావలెను, రెండవవైపు రక్తము రావలెను. రెండును ఒకేచోట కలిసినపుడే ఆక్సిజన్ రక్తములో చేరును. నీరు ఒక మడికి, నారు ఇంకొక మడికి చేరినచో పంట పండదు గదా! ఊపిరితిత్తి సంగతియు అంతే. గాలి అందుటను వాయు ప్రసారమనియు, రక్తము అందుటను రక్త ప్రసారమనియు అందురు. నోటితో ఊది చూచు స్పైరోమీటరు మొత్తము ఊపిరిని కొలుచును. ఏ మడి ఎంత పండినదో చెప్పలేదు.

ఈ లోపమును తీర్చినవి రేడియో ధార్మిక ఐసోటోపులు. వీటినుండి వెలువడు గామా కిరణములు రొమ్ముగోడను దాటి వెలుపలికి వచ్చును. కనుక రోగి దేహములోనికి ఏ గొట్టమును దింపక, వెలుపల ఉంచిన గణన యంత్రముతో ఏ భాగములో ఎంత పదార్థమున్నదో లెక్కింపవచ్చును.

1955లో జర్మనీలోని కొలోన్ నగరమున క్నిప్పింగ్, అతని సహచరులు రోగులచేత జెనాన్-133 కలిపిన గాలిని పీల్పించి, రొమ్ముమీద పలుచోట్ల గణన యంత్రములను అమర్చి, వాయు ప్రసారమును భాగముల వారీగా పరిశీలించినారు. అదే సంవత్సరము లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో సైక్లోట్రాన్ పనిచేయ నారంభించినది. దానిలో తయారగు ఆక్సిజన్-15 అర్ధాయువు 2 నిమిషములే. సైక్లోట్రాన్ ఆసుపత్రి ఆవరణలోనే ఉండుటచేత అంతటి అల్పాయువు గల ఐసోటోపు కూడ పనికివచ్చినది. 1960లో జాన్ వెస్ట్, డాలెరీ ఈ ఆక్సిజన్‌తో గుర్తు పెట్టిన కార్బన్ డయాక్సైడును మనుషులచేత ఒక్క గుక్క పీల్పించి, ఊపిరి బిగబట్టించినారు. రక్తము బాగుగా పారుచోట ఆ వాయువు త్వరగా తొలగిపోవును, పారనిచోట నిలిచియుండును.

ఫలితము ఆశ్చర్యము కలిగించినది. నిటారుగా ఉన్న మనిషి ఊపిరితిత్తి అడుగు భాగమునకు వచ్చు రక్తముతో పోల్చినచో పైకొనకు చేరునది బహు స్వల్పము. గుండెనుండి ఊపిరితిత్తులకు పోవు రక్తపు పీడనము తక్కువ. పైకొన వరకు ఎక్కుటకు అది గురుత్వాకర్షణతో పెనగులాడవలెను. గాలి కూడ అడుగునకే ఎక్కువ చేరును గాని, ఆ తేడా అంతటిది కాదు. అందుచేత పైకొనలో రక్తముతో పోల్చిన గాలి పాలు హెచ్చు. వెస్ట్ లెక్క ప్రకారము వాయుకోశములలో ఆక్సిజన్ పీడనము పైకొన వద్ద 132 మిల్లీమీటర్లు, అడుగున 89 మిల్లీమీటర్లు.

పెద్దవారిలో క్షయ తరచుగా పైకొననే ఆశ్రయించుటకు ఇది ఒక ముఖ్య కారణమని భావింపబడుచున్నది. క్షయ బాక్టీరియాకు ఆక్సిజన్ సమృద్ధిగా కావలెను. అది హెచ్చుగా లభించునది అక్కడనే. శానటోరియము వైద్యులు దశాబ్దముల తరబడి ఎక్సురే ఫలకము పైభాగమున చూచుచు వచ్చిన మచ్చలకు సైక్లోట్రాన్ వద్ద జరిగిన ప్రయోగము ఈ విధముగా అర్థము చెప్పినది.

రక్తము దారిని చూపిన కణములు

1964లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ సంస్థలో హెన్రీ వాగ్నర్ బృందము ఒక సులువైన ఉపాయమును ప్రకటించినది. రక్తములోని ఆల్బుమిన్ అను ప్రోటీనును సన్నని ముద్దకణములుగా చేసి, అయొడిన్-131 చేర్చి, చేతి సిరలోనికి ఎక్కించుటయే ఆ ఉపాయము. ఈ కణములు కేశనాళికల కంటె కొంచెము పెద్దవి. గుండె కుడిభాగము గుండా ఊపిరితిత్తులకు చేరి అచ్చటనే చిక్కుకొనును. రక్తము ఎక్కువగా పోవుచోట ఎక్కువ కణములు, పోనిచోట సున్న. మూసుకొను సూక్ష్మ నాళములు సుమారు వెయ్యింట ఒకటి మాత్రమే. కణములు కూడ కొన్ని గంటలలో విడిపోవును. కనుక ఊపిరికి ఆటంకము కలుగదు. గాలి అందుచున్నను రక్తము అందని భాగము కనిపించినచో, అచ్చటి నాళములో రక్తపుగడ్డ అడ్డుపడినదని అనుమానింపవచ్చును. ఈ పరీక్ష మొదట పేరు పొందినది అట్టి గడ్డలను పట్టుకొనుటలోనే.

ఇంతలో మరి రెండు సాధనములు కలిసివచ్చినవి. 1958లో బర్క్‌లీలో హాల్ యాంగర్ గామా కెమెరాను చూపించినాడు. సోడియం అయొడైడు స్ఫటికము మీద గామా కిరణము పడినచోట చిన్న మెరుపు పుట్టును. ఆ మెరుపులను కూర్చి బొమ్మ గీయుటయే ఆ కెమెరా పని. రెండవది టెక్నీషియం-99ఎం. దీని అర్ధాయువు 6 గంటలు. 24 గంటలలో ఇది 16వ వంతునకు, 48 గంటలలో 256వ వంతునకు తగ్గిపోవును. మాలిబ్డినం-99 అర్ధాయువు 66 గంటలు. అది క్షీణించుచు టెక్నీషియంను పుట్టించును. మాలిబ్డినం ఉన్న పాత్రను ఆసుపత్రికి తెచ్చుకొని, ఆవును పిదికినట్లు, కావలసినపుడు ఉప్పునీటితో టెక్నీషియంను తీసికొనవచ్చును. ఈ ఏర్పాటును 1950ల చివర అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో రూపొందించినారు.

రాతిధూళి, ట్రాంబే తుంపర

భారతదేశములో ట్రాంబే వద్ద అప్సర రియాక్టరు 1956లో పనిచేయ నారంభించినది. 1963లో బొంబాయిలో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ ఏర్పడినది. జెనాన్ వాయువు ఖరీదైనది, నిలువ చేయుటకు చిక్కైనది. దానికి బదులు టెక్నీషియం కలిపిన ద్రవమును అతి సన్నని తుంపరగా మార్చి, ఆరబెట్టి, రోగిచేత పీల్పించు పరికరమును కొట్రప్ప, అతని సహచరులు నిర్మించి 1977లో ప్రకటించినారు. తరువాత అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆసియా దేశములలో జరిపించిన పరిశోధనలలో ట్రాంబే నెబ్యులైజరు వాడుకలోనికి వచ్చినది.

ఈ తుంపరకు, తాండూరు వంటి చోట్ల లేచు ధూళికి ఒకే న్యాయము వర్తించును. పెద్ద రేణువులు ముక్కులోను, గొంతులోను, వాయునాళముల మలుపులలోను అంటుకొనిపోవును. మైక్రోమీటరు, రెండు మైక్రోమీటర్ల రేణువులు గాలితో పాటు మలుపులు తిరిగి వాయుకోశముల వరకు చేరును. అందుచేతనే బొమ్మకొరకు తుంపరను అంత సన్నగా చేయుదురు. అందుచేతనే కంటికి కనిపించు దుమ్ముకంటె కనిపించని దుమ్ము హానికరము. రాతిలో సిలికా పాలు ఎంత హెచ్చుగా ఉన్నచో ఆ హాని అంత హెచ్చు. సిలికా వలన పడిన మచ్చ తిరిగి మానదు.

ఒక చిన్న లెక్క

మద్రాసులో 1956లో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము 1959లో ఒక ఫలితమును ప్రకటించినది. ఇంటివద్ద ఉండి ఏడాదిపాటు మందులు వాడినవారికిని, శానటోరియములో ఉండి వాడినవారికిని గుణము దాదాపు సమానమే అని తేలినది. దానితో శానటోరియముల యుగము ముగియ నారంభించినది. ఊపిరితిత్తిని కోయవలసిన అవసరము తగ్గినది గాని పోలేదు. మాని మచ్చపడిన భాగమునుండి కొందరికి ప్రాణాపాయముగా రక్తము పడును. మరికొందరికి కాన్సరు రావచ్చును. అప్పుడు లెక్క ఇట్లుండును.

ఒక రోగి బలముగా ఊదినపుడు మొదటి సెకండులో 2 లీటర్ల గాలి వచ్చినదనుకొందము. కుడి ఊపిరితిత్తిని తీసివేయవలెను. ఆరోగ్యవంతులలో కుడివైపు వాటా సుమారు 55 శాతము. ఆ వాటాయే ఉన్నచో మిగులునది 2 × 0.45 = 0.9 లీటరు. ఇది ప్రమాదపు అంచు, 0.8 లీటరు కంటె తక్కువ మిగులునట్లున్న శస్త్రచికిత్స కూడదని చాలకాలము పాటించినారు. కాని గామా కెమెరా బొమ్మలో కుడివైపు రక్త ప్రసారము 30 శాతమే అని తేలినదనుకొందము. అప్పుడు మిగులునది 2 × 0.70 = 1.4 లీటర్లు. తీసివేయు భాగము ముందే పని మానినది కనుక రోగి పోగొట్టుకొనునది తక్కువ. ఒక్క అంకె మారుటచేత ‘సందేహమే’ అన్న జవాబు ‘చేయవచ్చును’ అని మారినది. నేడు రోగి వయసు, ఎత్తులను బట్టి శాతములలో లెక్కకట్టుదురు. గామా బొమ్మను సీటీ బొమ్మతో జోడించి ఒక్కొక్క లంబిక వాటాను కూడ చూచెదరు. సూత్రము మాత్రము అదే.

ఈ పరీక్ష అందరికిని అవసరము కాదు. దగ్గు, ఆయాసము ఉన్నవారికి మొదట కావలసినవి కఫ పరీక్ష, ఎక్సురే, స్పైరోమీటరు. 6 గంటల అర్ధాయువు గల పదార్థముతో చేయు పని కనుక ఇది హైదరాబాదు వంటి నగరపు పెద్ద ఆసుపత్రులలో జరుగును. చెడిన భాగమును ఇది చూపగలదు గాని బాగుచేయలేదు. కనుక రాయి కోయుచోట నీరు చల్లుట, ధూళిని యంత్రముతో లాగివేయుట, పనివారికి ఏటేటా పరీక్ష చేయించుట వంటి పనులను ఎంత గొప్ప కెమెరా వచ్చినను మానుటకు వీలులేదు.