మిడిల్ పాయింట్‌లో తెలుగు, పట్టాలో ఇంగ్లిష్

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. ఆ నగరంలోని మిడిల్ పాయింట్ వంటి పేటల భాషా స్వభావం మాత్రం మారలేదు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో బెంగాలీ లేదా తమిళం, బజారులో హిందుస్థానీ. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో బెంగాలీ మాతృభాషగా గలవారు సుమారు 28 శాతం, హిందీ 19, తమిళం 15, తెలుగు 13 శాతం. ఏ భాషకూ ఆధిక్యం లేదు.

ఈ ద్వీపాలకు 1967లో జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం వచ్చింది. దాని అనుబంధం మొదట చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంతో, తరువాత 1985లో ఏర్పడిన పాండిచ్చేరి విశ్వవిద్యాలయంతో. పాఠ్యప్రణాళిక, పరీక్ష, పట్టా సముద్రం అవతలి నుంచే వచ్చాయి. ఇన్ని భాషల మధ్య ఏ ఒక్కరి పక్షమూ వహించని భాషగా ఇంగ్లిష్ నిలిచింది. అయితే ఎవరి భాషా కానిది అందరికీ సమానంగా అందుతుందని కాదు. శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన కూలీ బిడ్డకూ, అధికారి బిడ్డకూ దానితో ఉన్న దూరం ఒకటి కాదు.

ఇంగ్లిష్‌ను తొలగిస్తే చాలునా? దానికి హైదరాబాద్ చరిత్ర సమాధానం చెబుతుంది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో వైద్యం, ఇంజనీరింగ్ సైతం బోధించింది. అందుకు 1917లోనే అనువాద విభాగాన్ని నెలకొల్పింది. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనని నిరూపించిన ఘనత దానిదే. కానీ సంస్థానంలో అత్యధికుల మాతృభాషలు తెలుగు, మరాఠీ, కన్నడం; వారికి ఉర్దూ కూడా నేర్చుకోవలసిన భాషే. 1948లో సంస్థానం విలీనమయ్యాక బోధన ఇంగ్లిష్‌లోకి మళ్లింది. తెలుగులో ఉన్నత విద్యకు పాఠ్యపుస్తకాలు సమకూర్చే తెలుగు అకాడమీ 1968లో గాని రాలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ బోధనను ఇంగ్లిష్ మాధ్యమానికి మార్చాలని నిర్ణయించింది.

రెండు చరిత్రలూ ఒకే విషయం చెబుతాయి. బోధనభాషను పాలకులు ఒక ఉత్తర్వుతో మార్చగలరు; కానీ ఇంటి భాష నుంచి ఆ భాషకు చేరే వంతెన ఉత్తర్వుతో ఏర్పడదు. దానికి అనువాదకులు, ద్విభాషా పుస్తకాలు, మొదటి ఏడాది ఓపికగా బోధించే అధ్యాపకులు, వీటన్నిటికీ బడ్జెట్ కావాలి. 2020 జాతీయ విద్యా విధానం ఉన్నత విద్యలో స్థానిక భాషలను ప్రోత్సహించమంటోంది. ఆ వంతెన ఖర్చును ప్రభుత్వం భరించకపోతే, ఆ భారం మిడిల్ పాయింట్ విద్యార్థి మార్కుల మీదే పడుతుంది.