దాచుకున్న దుఃఖం: స్టోయిక్ తత్త్వం, తొట్లకొండ

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే తీరమార్గంలో తొట్లకొండ ఉంది. 1988–93 మధ్య రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాలలో ఇక్కడ స్తూపాలు, విహారాలతోపాటు శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. రోమ్‌తో సాగిన వర్తకం ఈ తీరాన్ని తాకిందనడానికి ఇవి ఆధారాలు. స్టోయిక్ ఆలోచనలు కూడా ఇక్కడికి వచ్చాయనడానికి ఆధారం లేదు. అయినా రెండుచోట్లా ఒకే ప్రశ్న తలెత్తింది: పైకి చెప్పుకోలేని దుఃఖాన్ని మనిషి ఎలా భరించాలి?

1. స్టోయిక్ సమాధానం

క్రీ.పూ. 300 ప్రాంతంలో జీనో ఏథెన్స్‌లో ఈ తత్త్వాన్ని బోధించాడు. అతడు బోధించిన స్తంభాల మంటపం గ్రీకు పేరు ‘స్టోవా’. తత్త్వానికి ఆ పేరే వచ్చింది. బానిసగా బతికిన ఎపిక్టెటస్ దాని సారాన్ని స్పష్టం చేశాడు: మన అభిప్రాయాలు, నిర్ణయాలు మన చేతిలో ఉన్నాయి, శరీరం, ఆస్తి, పేరుప్రతిష్ఠలు పూర్తిగా మన చేతిలో లేవు.

చక్రవర్తి మార్కస్ అరేలియస్ (పాలన: క్రీ.శ. 161–180) ఈ మార్గాన్నే అనుసరించాడు. అతనికి పదిమందికి పైగా సంతానం కలిగినా, ఎక్కువమంది చిన్నతనంలోనే మరణించారు. యుద్ధాలు, మహమ్మారి మధ్య అతడు తనకోసమే గ్రీకులో రాసుకున్న మాటలు నేడు ‘మెడిటేషన్స్’గా ప్రసిద్ధం.

స్టోయిక్ తత్త్వం ఏడవవద్దంటుందని చాలామంది పొరబడతారు. ఒక ప్రాచీన రోమన్ జీవితచరిత్రలోని సంఘటన గమనించండి. గురువు మరణించినప్పుడు మార్కస్ ఏడుస్తుంటే పరిచారకులు వారించారు. పెంపుడు తండ్రి ఆంటోనినస్ మాత్రం, తత్త్వమైనా అధికారమైనా మనిషి సహజ భావాలను తుడిచివేయలేవంటూ అతణ్ణి ఏడవనిమ్మన్నాడు.

2. బౌద్ధ సమాధానం

బౌద్ధం దుఃఖం ఉందని ఒప్పుకోవడంతోనే మొదలవుతుంది. బిడ్డను కోల్పోయిన కిసాగోతమిని, చావు ఎరుగని ఇంటినుంచి ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. ఇంటింటా ఇతరుల శోకం విన్నాకే ఆమె తన శోకాన్ని అర్థం చేసుకుంది.

3. పోలిక

మార్కస్ ఒంటరిగా రాసుకున్నాడు; కిసాగోతమి తలుపులు తట్టింది. ఇద్దరూ దుఃఖాన్ని కాదనలేదు, దానివైపు చూశారు. ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేస్తూనో, నెలల తరబడి ఓడలో ఉంటూనో చదువుకుంటున్న మీలో కొందరికి ఇంట్లో కూడా చెప్పని బాధ ఉండవచ్చు. ఎపిక్టెటస్ సూత్రాన్ని దానికి అన్వయించండి: జరిగిపోయినది మీ చేతిలో లేదు, నమ్మదగిన ఒకరితో చెప్పుకోవడం, సాయం అడగడం మీ చేతిలో ఉన్నాయి. సహనమంటే మౌనం కాదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. తొట్లకొండ నాణేలు దేనికి ఆధారం? దేనికి కావు?
2. స్టోయిక్, బౌద్ధ సమాధానాల మధ్య పోలికను, తేడాను రాయండి.