మ్యూజిక్ ప్లేయర్ రూపం, పాటల లైబ్రరీ అమరిక

కంప్యూటర్‌లో పాటలు వినిపించే సాఫ్ట్‌వేర్‌ను వినేవారు తమ కంటికి, చేతికి అనువుగా మార్చుకోవడాన్ని ప్లేయర్ సర్దుబాటు అంటారు. ఇందులో రెండు పనులున్నాయి. రంగులు, అక్షరాలు, వరుసలు, బొమ్మలు మార్చుకోవడం మొదటిది. ఏ పాట ఏ సినిమాలోది, రాసిందెవరు, పాడిందెవరు, ఏ ఏట వచ్చింది అన్న వివరాలు నింపి, వాటిని బట్టి పాటలను పేర్చుకోవడం రెండోది. రంగుల పని ఒక సాయంత్రంలో తేలిపోతుంది. వివరాల పని నెలలు పడుతుంది. అయినా తెలుగు పాటల విషయంలో వివరాల పనే ముందు చేసి, రూపాన్ని దాని వెనకాల నడిపించాలి. ఈ ప్లేయర్లు తయారైన దేశాల్లో పాటంటే పాడినవాడి పేరు, ఆల్బమ్ పేరు. మనకు పాటంటే సినిమా, సంగీత దర్శకుడు, రాసిన కవి. ఊరి పాటైతే ఆ ఊరు, ఆ పండుగ.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మూడూ పాత నల్లగొండ జిల్లావే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అందులోకి వెళ్లింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. హైదరాబాదు–విజయవాడ రహదారి మీదున్న సూర్యాపేట, కోదాడలకు సినిమా పాట రెండు దిక్కుల నుంచీ వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పుట్టిన పాట, బతుకమ్మ పాట, జాతర పాట ఈ నేలవే. ఇక్కడి ఇంట్లో ఉండే పాటల ఫోల్డర్‌లో ఈ రెండు పాయలూ కలిసే ఉంటాయి.

రూపం

ప్లేయర్ ముఖం మార్చుకునే సరదాను ప్రపంచమంతా పాకించింది విన్‌యాంప్. జస్టిన్ ఫ్రాంకెల్, దిమిత్రి బోల్డిరెవ్ 1997లో దాన్ని విడుదల చేశారు. 1999లో దాన్ని తయారుచేసిన సంస్థను అమెరికాలోని ఏఓఎల్ కొనేసింది. విన్‌యాంప్ స్కిన్ అంటే కొన్ని బిట్‌మ్యాప్ బొమ్మలను జిప్ చేసిన మూట. అసలు కిటికీ కొలత 275 పిక్సెళ్ల వెడల్పు, 116 పిక్సెళ్ల ఎత్తు. ఆ చిన్న చోటులోనే అభిమానులు హీరోల ముఖాలు, కార్ల డాష్‌బోర్డులు, పాత రేడియోలు గీశారు. అలాంటి స్కిన్లు అరవై వేలకు పైగా ఇప్పటికీ ఇంటర్నెట్‌లో భద్రంగా ఉన్నాయి. లినక్స్ వాడేవారు ఆడేషియస్ అనే ప్లేయర్‌లో వాటిని తొడిగి చూసుకోవచ్చు.

ఆ స్కిన్లలో తెలుగు పాట పేరు కనబడేది కాదు. స్కిన్ మూటలోనే అక్షరాల బొమ్మ కూడా ఉండేది, అందులో తెలుగు అక్షరాలు లేవు. తర్వాతి విన్‌యాంప్‌లో పాట పేరుకు బిట్‌మ్యాప్ అక్షరాలు వద్దని చెప్పే ఐచ్ఛికం పెట్టారు. అది ఎంచుకుంటే విండోస్‌లోని మామూలు ఫాంటుతో తెలుగు కనిపిస్తుంది.

తెలుగు లిపికి ప్లేయర్‌లో కావలసినవి రెండు: మంచి ఫాంటు, తగినంత వరుస ఎత్తు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మలా యూఐ వచ్చాయి. చిన్న సైజులో చదవడానికి నిర్మల బాగుంటుంది. ఇంగ్లీషు కోసం కొలిచిన వరుసలో పైన గుడులు, కింద వత్తులు కోసుకుపోతాయి. ‘శాస్త్రి’ అన్న పేరులో స్త్రి కింది భాగం మాయమైందంటే వరుస ఎత్తు చాలలేదని అర్థం. ఫాంటును ఒకటి రెండు పాయింట్లు పెంచి, వరుసను దానికన్నా కాస్త ఎక్కువగా పెంచాలి. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఆ ఫాంటులో తెలుగు లేదన్నమాట. ఫాంటు మారిస్తే సరిపోతుంది, ఫైలును ముట్టుకోనక్కర్లేదు.

విండోస్‌లో నేడు సర్దుబాటుకు ఎక్కువ వీలున్నవి ఫూబార్2000, మ్యూజిక్‌బీ. రెండూ ఉచితమే. ఫూబార్‌ను పీటర్ పావ్లోవ్‌స్కీ 2002లో తెచ్చారు. చూడటానికి లెక్కల పుస్తకంలా ఉంటుంది గాని, వ్యూ మెనూలో లేఅవుట్ మార్చే పద్ధతిని ఆన్ చేస్తే ప్రతి భాగాన్నీ తీసి మరోచోట పెట్టుకోవచ్చు. 2023లో వచ్చిన రెండో వెర్షన్‌తో చీకటి రంగు కూడా చేరింది. మ్యూజిక్‌బీలో రూపం ముందే కుదిరి ఉంటుంది, కొత్తవారికి అదే సులువు. లినక్స్‌లో స్ట్రాబెర్రీ, రిథమ్‌బాక్స్ ఉన్నాయి.

ట్యాగులు

పాట ఫైలులోనే దాని వివరాలు ఇమిడి ఉంటాయి. వాటిని ట్యాగులంటారు. ఎంపీ3 ఫైళ్లకు 1996లో ఎరిక్ కెంప్ రూపొందించిన మొదటి ఐడీ3 ట్యాగు మొత్తం 128 బైట్లు. పాట పేరుకు అందులో 30 బైట్లే దక్కేవి. అది ఇంగ్లీషు లాంటి లిపుల కోసం చేసింది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. ఆ లెక్కన ‘కోదాడ’కు 15, ‘సూర్యాపేట’కు 27, ‘మిర్యాలగూడ’కు సరిగ్గా 30 బైట్లు పడతాయి. ఊరి పేరు రాస్తే పాట పేరుకు చోటే ఉండదు! 1998లో మొదలైన రెండో తరం ఐడీ3 ఈ ఇరుకును తొలగించింది. 2.3 వెర్షన్ యూటీఎఫ్-16ను, 2000లో వచ్చిన 2.4 వెర్షన్ యూటీఎఫ్-8ను అంగీకరిస్తాయి. పాత విండోస్ 2.4ను చదవలేదు కనుక, ఫైళ్లను పది చోట్ల వాడేవారు 2.3లో రాసుకుంటే చిక్కులు తక్కువ.

ఫైలు పేరు వేరు, ట్యాగు వేరు. కారులో, ట్రాక్టరులో ఉండే చౌక పెన్‌డ్రైవ్ ప్లేయర్లు తెలుగు అక్షరాలు చూపలేవు. అందుకని ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ట్యాగు తెలుగులో పెట్టుకునే పద్ధతి రెండు చోట్లా పనికొస్తుంది.

సెల్‌ఫోన్ దుకాణాల్లో మెమరీ కార్డుకు పాటలు ఎక్కించుకున్న కాలం నుంచి మిగిలిన ఫైళ్లలో ట్యాగులు చాలావరకు చెడి ఉంటాయి. ఆల్బమ్ గడిలో ఏదో వెబ్‌సైట్ చిరునామా, గాయకుడి గడిలోనూ అదే, ముఖచిత్రంగా దాని గుర్తు. వీటిని ఒక్కొక్కటిగా దిద్దితే ఏళ్లు పడుతుంది. ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో వందల ఫైళ్లను ఒకేసారి ఎంచుకుని ఆ చిరునామాను తుడిచేయవచ్చు. మ్యూజిక్‌బీలోని ఇన్‌బాక్స్ కూడా ఇక్కడ పనికొస్తుంది. కొత్త ఫైలు ముందు అందులో ఆగుతుంది, వివరాలు చూసుకున్నాకే లైబ్రరీలోకి పంపవచ్చు. వడ్లు కాటా పెట్టి, తేమ చూసి గోదాములోకి దింపినట్టు.

రాసినవారి గడి

ప్లేయర్లు మొదట చూపించే వరుసల్లో పాట రాసినవారి పేరుండదు. ఐడీ3లో దానికి ప్రత్యేకమైన గడి ఉంది, సంగీత దర్శకుడికి మరొకటి ఉంది, అయినా రెండూ దాగి ఉంటాయి. తెలుగు లైబ్రరీలో ముందుగా సరిచేయాల్సింది ఇదే. 2023 మార్చిలో ఆర్‌ఆర్‌ఆర్ పాటకు వచ్చిన ఆస్కార్‌ను అందుకున్నవారు సంగీతం చేసిన కీరవాణి, పాట రాసిన చంద్రబోస్. మామూలు ప్లేయర్‌లో ఆ పాట పక్కన పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పేర్లే కనిపిస్తాయి. గాయకులకు ఆ గౌరవం దక్కాల్సిందే. కాని వేదిక ఎక్కి ఆస్కార్ తీసుకున్న కవి పేరు ఇంట్లో కంప్యూటర్ మీద లేకపోవడం అన్యాయం.

పాత నల్లగొండ జిల్లాకు వస్తే ఆ లోటు ఇంకా పెద్దది. ఈ నేల పాటకు పేరు తెచ్చినవారిలో ముందువరుస పాట కట్టినవారిదే. సుద్దాల గ్రామానికి చెందిన హనుమంతు సాయుధ పోరాట కాలంలో కట్టిన పాట, గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ (1979)తో ఊరూరా వినిపించింది. అదే సినిమాలో యాదగిరి కట్టిన పాటను గద్దర్ పాడారు. గాయకుడి గడి ఒక్కటే నింపితే యాదగిరి పేరు పోతుంది. హనుమంతు కుమారుడు సుద్దాల అశోక్‌తేజ ‘ఠాగూర్’ (2003)లోని పాటకు ఉత్తమ గీత రచయితగా జాతీయ అవార్డు పొందారు. రాసినవారి గడిని నింపి, ఫూబార్ ఆల్బమ్ జాబితాను ఆ గడి మీదుగా పేర్చమంటే, తండ్రి పాటలు, కొడుకు పాటలు ‘సుద్దాల’ దగ్గర పక్కపక్కన చేరతాయి. ఊరి పేరును ఇంటిపేరులా ముందు రాసే మన అలవాటు ఇక్కడ అక్కరకొచ్చింది.

‘మా భూమి’ పాటలకు రెండు కాలాలున్నాయి. సినిమా 1979ది, పాట 1946–51 పోరాట కాలానిది. ట్యాగుల్లో విడుదలైన ఏడాదికి ఒక గడి, మూలం పుట్టిన ఏడాదికి మరో గడి ఉన్నాయి. రెండోది చాలామంది వాడరు. పోరాట పాటలకు, జానపదాలకు ఆ గడి వాడితేనే చరిత్ర సరైన వరుసలో నిలుస్తుంది. అందెశ్రీ రాసిన తెలంగాణ రాష్ట్ర గీతమూ అలాంటిదే. ఉద్యమ కాలంలో పాడినది ఒకటి, 2024లో కీరవాణి స్వరకల్పనతో వచ్చింది మరొకటి.

ఒకే పేరు, రెండు సినిమాలు

ఆల్బమ్ పేరు ఒకటైతే ప్లేయర్ రెండు సినిమాలను ఒకటిగా కలిపేస్తుంది. సుబ్బరామన్ సంగీతం చేసిన 1953 నాటి ‘దేవదాసు’, చక్రి చేసిన 2006 నాటి ‘దేవదాసు’ ఒకే అట్టకింద చేరతాయి. ‘తొలిప్రేమ’ (1998, 2018), ‘ఖుషి’ (2001, 2023) కూడా అంతే. మందు తేలిక: ఆల్బమ్ పేరు చివర ఏడాది చేర్చాలి. ‘రోజా’ (1992) తమిళ పాటలు, రాజశ్రీ రాసిన తెలుగు పాటలు కలవకుండా ఉండాలంటే భాష గడి నింపాలి.

తిరగేసి, ఒకే మనిషి పలు పేర్లతో చీలిపోవడమూ ఉంది. కీరవాణి హిందీలో ఎం.ఎం. క్రీమ్, తమిళంలో మరకతమణి. ‘సిరివెన్నెల’ (1986)తో ఆ సినిమా పేరే ఇంటిపేరైన కవి అసలు పేరు చేంబోలు సీతారామశాస్త్రి. ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఘంటసాల, బాలసుబ్రహ్మణ్యం పేర్లకు లెక్కలేనన్ని రూపాలు. ఏదో ఒకటి ఖాయం చేసుకుని, ఎంపీ3ట్యాగ్‌లో మిగతావన్నీ దానికి మార్చేయాలి. తెలుగులో రాస్తే ఈ చీలిక చాలావరకు తగ్గుతుంది.

ఊరి పాటలు

ఫోనులో రికార్డు చేసిన బతుకమ్మ పాటకు సినిమా లేదు, సంగీత దర్శకుడు లేడు. ఫైలు పేరు తేదీ, గంట అంకెలు మాత్రమే. వీటికి సొంత గడులు చేసుకోవాలి: ఊరు, సందర్భం, పాడినవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు. ఎంపీ3ట్యాగ్, మ్యూజిక్‌బీ రెండూ కొత్త గడులు చేర్చనిస్తాయి. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకోసారి వస్తుంది. 2023లో జరిగింది, 2025లో జరిగింది. అక్కడి రికార్డుకు ఏడాది రాయకపోతే ఏ జాతరదో తర్వాత ఎవరూ చెప్పలేరు. పాడిన ఆడవాళ్ల పేర్లు వారిని అడిగి, వారు ఒప్పుకుంటేనే రాయాలి. ‘జానపదం’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే మనుషులు మాయమవుతారు.

శబ్దం, చోటు

పాత పాట మెల్లగా, కొత్త పాట గట్టిగా వినబడి చేయి వాల్యూమ్ మీదే ఉండాల్సి వస్తే రీప్లేగెయిన్ వాడాలి. 2001లో డేవిడ్ రాబిన్సన్ ప్రతిపాదించిన ఈ పద్ధతి పాటను మార్చదు. ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో ట్యాగులో రాసి పెడుతుంది. 128 కేబీపీఎస్‌లో అయిదు నిమిషాల పాట సుమారు 4.8 ఎంబీ, 320లో 12 ఎంబీ. 128ని 320గా మార్చితే చోటు పోతుంది తప్ప నాణ్యత పెరగదు.

ట్యాగులు ఫైలులోనే ఉంటాయి కనుక ఫైలుతోపాటే వెళ్తాయి. ప్లేలిస్టులు, వరుసలు, రంగులు ప్లేయర్ దగ్గరే ఉంటాయి, విండోస్ మళ్లీ వేస్తే పోతాయి. ఫూబార్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పోర్టబుల్ పద్ధతి ఎంచుకుంటే అంతా ఒకే ఫోల్డర్‌లో ఉంటుంది. ఆ ఫోల్డర్‌ను, పాటలను కలిపి ఒక బయటి డిస్కులోకి, ఊరి రికార్డులను మాత్రం మరో ఇంట్లో ఉండే రెండో డిస్కులోకి కూడా కాపీ చేయాలి. సినిమా పాట పోతే ఇంకెక్కడైనా దొరుకుతుంది.