ప్రవచన వరం (క్రైస్తవం)

ప్రవచన వరం అనగా, క్రైస్తవ విశ్వాసం ప్రకారం, సంఘ క్షేమం కొరకు పరిశుద్ధాత్మ విశ్వాసులకు అనుగ్రహించే ఆత్మీయ వరాలలో ఒకటి. దేవుడు తనకు తెలియజేశాడని నమ్మిన సందేశాన్ని ఒక వ్యక్తి సంఘానికి గాని, మరొకరికి గాని మాటలలో అందించుటను ప్రవచించుట అంటారు. ఈ వరం నేటికీ ఉన్నదా అనే విషయంలో క్రైస్తవ శాఖల మధ్య ఏకాభిప్రాయం లేదు. దీనిని వినియోగించేవారు పాటించవలసిన నిజాయితీ గురించిన చర్చ మాత్రం బైబిలు కాలం నుండి సాగుతున్నది. "ఇది దేవుని మాట" అని ఒకరు పలికినప్పుడు, విన్నవారు దానిని బట్టి పెళ్ళి, ఆస్తి, వైద్యం వంటి విషయాలలో నిర్ణయాలు తీసుకొనుటే అందుకు కారణం.

పదం

తెలుగులో ప్రవచనం అనే మాటకు రెండు వాడుకలున్నాయి. హిందూ సంప్రదాయంలో పురాణేతిహాసాలను సభలో వివరించి చెప్పుటను ప్రవచనం అంటారు. తెలుగు బైబిలులో ఇదే మాట "ప్రొఫేతేయా" అనే గ్రీకు పదానికి బదులుగా వాడబడినది. దీనిని జోస్యంతో సమానంగా భావించుట సరికాదు. పౌలు ప్రవచనానికి చెప్పిన ప్రయోజనాలు క్షేమాభివృద్ధి, హెచ్చరిక, ఆదరణ. వీటిలో భవిష్యత్తు చెప్పుట లేదు.

పాత నిబంధనలో

ద్వితీయోపదేశకాండము రెండు పరీక్షలను నిర్దేశిస్తుంది. ప్రవక్త చెప్పినది జరగకపోతే అది దేవుని మాట కాదని 18వ అధ్యాయం చెబుతుంది. ప్రవక్త చూపిన సూచన నిజమైనా, అతడు ప్రజలను ఇతర దేవతల వైపు నడిపిస్తే అతని మాట వినరాదని 13వ అధ్యాయం చెబుతుంది. అనగా మాట నెరవేరినంత మాత్రాన ప్రవక్త నిజమైనవాడని తేలదు. కూలి పుచ్చుకొని ప్రవచించేవారిని, తమకు భోజనం పెట్టినవారికి మాత్రమే సమాధానం ప్రకటించేవారిని మీకా గ్రంథం తీవ్రంగా ఖండించినది.

ఈ విషయంలో యిర్మీయా గ్రంథం 28వ అధ్యాయంలోని వృత్తాంతం ముఖ్యమైనది. క్రీ.పూ. 594 ప్రాంతంలో, బబులోను రాజుకు లోబడవలెనని తెలిపే గుర్తుగా యిర్మీయా మెడపై కాడిని ధరించి తిరుగుతున్నాడు. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో ప్రజలందరి ఎదుట, రెండు సంవత్సరాలలో బబులోను కాడి విరిగిపోతుందని, దోచుకొనబడిన దేవాలయపు ఉపకరణాలు తిరిగి వస్తాయని ప్రకటించాడు. యిర్మీయా "ఆమేన్" అని, అలాగే జరుగును గాక అన్నాడు. అయితే సమాధానాన్ని ప్రకటించే ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతనిని దేవుడు పంపినట్లు తెలుస్తుందని జోడించాడు. హనన్యా ఆ కాడిని లాగి విరిచినప్పుడు యిర్మీయా మారు మాట పలుకక వెళ్ళిపోయాడు. సందేశం తనకు అందిన తరువాతనే తిరిగి వచ్చి హనన్యాను గద్దించాడు. హనన్యా అదే సంవత్సరం ఏడవ నెలలో మరణించినట్లు గ్రంథం చెబుతుంది. తరువాత కొన్నేళ్ళకు యెరూషలేము బబులోను సేనల చేతిలో నాశనమైనది. ప్రజలకు ఇష్టమైన మాట హనన్యాదే. తనకు మాట అందనప్పుడు, సభ ఎదుట అవమానం జరిగినా, మౌనంగా ఉండుటలో యిర్మీయా నిజాయితీ కనబడుతుంది.

కొరింథు సంఘానికి పౌలు నియమాలు

క్రీ.శ. 50ల మధ్యలో ఎఫెసు నుండి కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు ఈ వరాన్ని ప్రోత్సహిస్తూనే హద్దులు ఏర్పరచాడు. ఇద్దరు ముగ్గురు మాత్రమే మాట్లాడవలెను, తక్కినవారు దానిని వివేచింపవలెను. కూర్చున్న మరొకరికి సంగతి బయలుపడితే మాట్లాడుతున్నవాడు ఊరకుండవలెను. ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనంలోనే ఉంటాయని కూడా చెప్పాడు. కనుక "ఆత్మ నన్ను ఆపనివ్వలేదు" అనే సాకుకు ఇక్కడ చోటు లేదు. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రికలో ప్రవచనాలను తృణీకరింపవద్దని, సమస్తాన్ని పరీక్షించి మేలైన దానిని పట్టుకొనుడని సూచించాడు.

ఆది సంఘంలో

క్రీ.శ. మొదటి శతాబ్దం చివరిదిగా పలువురు పండితులు భావించే "డిడాకే" అనే చిన్న గ్రంథంలో సంచార ప్రవక్తల గురించి విచిత్రమైన, కాని ఆచరణకు పనికివచ్చే నియమాలున్నాయి. దీని వ్రాతప్రతిని 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ కనుగొని, 1883లో ప్రచురించాడు. దీని ప్రకారం ఊరికి వచ్చిన అపొస్తలుడు ఒకటి రెండు రోజులకు మించి, మూడవ రోజు కూడా ఉంటే అబద్ధ ప్రవక్త. ఆత్మావేశంలో తన కొరకు డబ్బు అడిగినా, విందు ఏర్పాటు చేయమని చెప్పి తానే అందులో తిన్నా అబద్ధ ప్రవక్తయే. ఇతర పేదల కొరకు అడిగితే మాత్రం తీర్పు తీర్చరాదు. ఆత్మలో పలికే ప్రవక్తను పరీక్షించరాదని కూడా ఈ గ్రంథం చెబుతుంది. ఇది పౌలు సూచనతో పొసగదు. మాటను వదలి ప్రవర్తనను పరీక్షించుట డిడాకే చూపిన మార్గం.

రెండవ శతాబ్దంలో ఫ్రిగియాలో మోంటానస్, ప్రిస్కిల్లా, మాక్సిమిల్లా నడిపిన ఉద్యమం ఈ వివాదాన్ని పెంచింది. తన తరువాత యుద్ధాలు వస్తాయని మాక్సిమిల్లా చెప్పినదని, ఆమె మరణించి 13 ఏళ్ళు దాటినా యుద్ధం రాలేదని ఒక ప్రత్యర్థి వ్రాసిన మాటలను చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరచాడు.

ఆధునిక దృక్పథాలు

అద్భుత వరాలు అపొస్తలుల కాలంతో ముగిశాయని బి.బి. వార్‌ఫీల్డ్ 1918లో వాదించాడు. కాథలిక్ సంఘం వ్యక్తిగత ప్రత్యక్షతలను అంగీకరించినా, అవి విశ్వాస నిధిలో భాగం కావని బోధిస్తుంది. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో మొదలైన ఉజ్జీవం తరువాత పెంతెకొస్తు సంఘాలలో ప్రవచనం సాధారణ ఆరాధనలో భాగమైనది. సంఘంలోని ప్రవచనానికి లేఖనాలకు ఉన్నంత అధికారం లేదని, అది పొరపడగల మానవ నివేదిక అని వేన్ గ్రూడెమ్ 1988లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఆయన ప్రకారం "యెహోవా ఇలా సెలవిస్తున్నాడు" అనుటకంటె "దేవుడు నాకు ఇలా తోపింపజేశాడని అనుకుంటున్నాను" అనుట సబబు. ఇది తప్పిన ప్రవచనాలకు సాకుగా మారుతుందని విమర్శకులు అంటారు. ఆ విమర్శలో బలం లేకపోలేదు.

2020 అమెరికా ఎన్నికలు

2020 అధ్యక్ష ఎన్నికలలో డొనాల్డ్ ట్రంప్ గెలుస్తాడని పలువురు కరిస్మాటిక్ బోధకులు ప్రవచించారు. ట్రంప్ ఓడిన తరువాత కొందరు మౌనం వహించారు, కొందరు ఫలితం మారుతుందని వాదించారు. జెరిమయా జాన్సన్ 2021 జనవరిలో బహిరంగంగా క్షమాపణ కోరాడు. ఆ తరువాత తనకు అనుచరుల నుండే దూషణలు, బెదిరింపులు వచ్చాయని ఆయన తెలిపాడు. తప్పు ఒప్పుకొనుటకు వినేవారు కూడా అడ్డు కాగలరని ఈ ఉదంతం చూపినది. 2021 ఏప్రిల్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ మాటెరా తదితరులు ప్రవచన ప్రమాణాల ప్రకటన వెలువరించారు. బహిరంగంగా చెప్పినది తప్పితే బహిరంగంగానే బాధ్యత వహించవలెనని అది కోరినది. నిజాయితీపరుడు ఒకసారి పొరపడినంత మాత్రాన అబద్ధ ప్రవక్త కాడని కూడా పేర్కొన్నది.

తెలుగు సంఘాలలో

తెలుగు పెంతెకొస్తు సంఘాలతో పాటు, 1938లో ఎం. దేవదాసు స్థాపించిన బైబిలు మిషనులో దర్శనాలకు, దైవ సన్నిధిలో కనిపెట్టుటకు ప్రాధాన్యమున్నది. బైబిలు అనువాదంలోని గ్రాంథిక భాషలో "ప్రభువు సెలవిచ్చుచున్నాడు" అని పలికినప్పుడు, ఆ మాటల తీరు వల్లనే అది లేఖనమంత బరువుగా వినబడుతుంది. అటువంటి మాటను ప్రశ్నించుటకు వినేవారు సహజంగా జంకుతారు. కొరింథు పత్రికలో వివేచన భారం ప్రవక్త మీద కాక, విన్న తక్కినవారి మీద ఉంచబడినది.