చీపురు పుల్ల లెక్క

ఇంకో రెండు కందికట్టెలు ఎయ్యి బిడ్డా. పచ్చివి గాదు, గా గోడకు ఆనిచ్చినవి. సంకురాత్రి ముందటి సలి మనూర్ల ఒకప్పుడు గింతకు రెండింతలుండె. ఇప్పుడంటె చుట్టూ ఇండ్లు లేసినయి గని, అప్పుడు మన గుండ్లపోచంపల్లి దాటితె మేడ్చల్ దాక ఎటు జూసినా తోటలే. ద్రాక్ష పందిర్ల కింద నీళ్లు పారిచ్చిన రాత్రి గా తడి సలి బాట మీదికొచ్చి మోకాళ్లను పట్టేసేది. గా సలిలనె మూడు కొట్టంగ లేసి పాలు పిండి బయలెల్లేటోన్ని.

కొట్టంల గోనెపట్ట కప్పి పెట్టిన బండి సంగతి అడిగినవ్ గదా. దాని కంటె ముందుగాల సైకిల్ సంగతి చెప్పాలె. సైకిల్ తొక్కనోనికి ఆ బండి ఎందుకంత ముద్దో తెల్వది.

పదమూడేండ్లు సైకిల్ మీద పాలు పోసిన. అటొక క్యాను, ఇటొక క్యాను. తొణకకుంట మూతి కింద ఇంత గరిక కట్ట ఏసేటోళ్లం. ఊర్లెకెల్లి మెయిన్ రోడ్డెక్కి కొంపల్లి, సుచిత్ర, బోయిన్‌పల్లి దాటి సికింద్రాబాద్. పోను 20, రాను 20 కిలోమీటర్లు. సలికాలం ఎట్లనో గడుస్తుండె. ఎండాకాలమే పాణం తీసేది. క్యాన్లకు తడి గోనెలు సుట్టినా, బోయిన్‌పల్లి దాటెసరికి పొద్దెక్కేది. హోటల్ల పొయ్యి మీద పెట్టంగనె పాలిరిగినయనుకో, ఆ దినం కష్టమంత మోరీ పాలు. మే నెలల వారానికి ఒక్కసారన్న గట్ల అయితుండె. రైలున్నది, చిన్న పట్టాల రైలు, మనూరి టేషన్ల ఆగేది. గని దాని టైము దానిది, బర్రె టైము బర్రెది.

మా అన్నకు రాజ్‌దూత్ ఉండె. ఆ కాలంల పాలోళ్ల బండంటె అదే. బరువుకు బెదరది, బాట లేకున్నా పోతది. దాన్ని నేనెన్నడు తక్కువ జేసి మాట్లాడ. గని తాగుడు తాగుడు గాదు. మా బరువుకు లీటరుకు 30 కిలోమీటర్లు దాటకపోయేది. పెట్రోల్ల మళ్ల ఆయిల్ కలపాలె. కలిపింది తక్కువైతె పిస్టన్ పట్టేస్తది, ఎక్కువైతె ఎనకంగ అంత పొగ. అన్న పాలమ్మి తెచ్చిన పైసలల్ల సగం పెట్రోలు బంకుల పెట్టి వస్తుండె. అది జూసే నేను సైకిల్ ఇడ్వలే.

స్కూటర్ కొందామంటె బజాజ్ చేతక్‌కు పేరు రాయిచ్చి ఏండ్లకేండ్లు ఎదురుసూడాలె. అటెనక, 1985ల, హీరో హోండా సీడీ 100 వచ్చింది. హర్యానల ధారూహేడల చేసేటోళ్లు. నింపు, మూత పెట్టు, మర్చిపో అని దాని ప్రచారం. కంపెనోళ్లు లీటరుకు 80 అన్నరు. మా పాలోళ్లెవ్వరు నమ్మలే. 100 సీసీ గూడ నిండ లేదు, 97 చిల్లర. గింత బక్క బండి రెండు క్యాన్లు మోస్తదా అన్నరు. మోటర్ సైకిల్ అంటె ఊరంత ఇనవడాలె గదా, ఇదేమొ పక్కకొచ్చేదాక తెల్వకపోయేది.

మేడ్చల్ల ఒక మెకానిక్ ఉండె. ఆయన నాకు ఇంజన్ గుట్టు చెప్పిండు. రాజ్‌దూత్‌ది రెండు దెబ్బల ఇంజన్, దీనిది నాలుగు దెబ్బలది. రెండు దెబ్బలదాంట్ల కాలిన పొగ బయటికి పోతుండంగనె కొత్త పెట్రోలు గాలి లోపటికొస్తది. రెండు ఒక్కపారే. అందుకని కాలని పెట్రోలు గూడ ఇంత పొగతోని కలిసి గొట్టంల పడి పోతది. నాలుగు దెబ్బలదాంట్ల ఏ పని గా పనే. పీల్చుకునుడు ఒకటి, అదుముడు ఒకటి, మండుడు ఒకటి, ఎల్లగొట్టుడు ఒకటి. వాల్వులు తలుపుల లెక్క తెరుసుకుంటయి, మూసుకుంటయి. నాకు చట్టున అర్థమయ్యింది. మేక సగం తిని సగం రాలుస్తది. బర్రె మేసింది కూసోని నెమరేసి ఆఖరి పోచ దాక పాలు జేస్తది. గట్లనె అన్నమాట.

1990ల, ఎండాకాలం పడకముందుగాల, ఒక సూడి బర్రెనమ్మిన. మీదికెల్లి చిట్టీ ఎత్తిన. మీ నాయినమ్మ మూడు దినాలు నాతోని మాట్లాడలే. ఆ బర్రె ఆమె పుట్టింటికెల్లి తోలుకొచ్చింది. నల్ల బండి, ఎర్ర గీత, ఏపీ 28 నంబరు. మన రంగారెడ్డి జిల్లాకు అప్పుడు గదే నంబరు. ఇంటి ముంగట ఆపి దిగంగనె ఆమె నిమ్మకాయ తెచ్చి టైరు కింద పెట్టింది గని మాట్లాడలే. తర్వాత ఒక్కటే అడిగింది. ఇది ఎంత తాగుతది?

లెక్క ఆమెనే పట్టింది. టాంకి మూత తీసి చీపురు పుల్ల ముంచి, తడి ఎంతదాక ఉన్నదో జూసేది. ఒక్కొక్క లీటరు పోసి, ఆ తడి కాడ పుల్లకు కత్తితోని గాటు పెట్టింది. పొద్దుగాల నేను పోకముందు ముంచేది, వచ్చినంక ముంచేది. తలుపెనక బొగ్గుతోని గీతలు. ఒక దిక్కు పాల లీటర్లు, ఒక దిక్కు పెట్రోలు. నెల తిరిగెసరికి నాకు జెప్పింది, మూడు దినాలకు రెండు లీటర్లు అయితున్నయి అని. అంటె రెండు క్యాన్ల బరువు మీద 60 ఇస్తున్నది. గదే బాటకు అన్న రాజ్‌దూత్‌కు నాలుగు లీటర్లు, ఆయిల్ అలగ్. నెలకు 20 లీటర్ల పెట్రోలు మిగిలింది బిడ్డా. ఇస్కూల్ మొకం జూడనామె తీసిన లెక్క అది, ఒక్క సుక్క తేడా రాలే.

గా ఆగస్టుల సద్దాం హుస్సేన్ కువైట్ మీద పడ్డడు. మన నిజామాబాద్, కరీంనగర్ దిక్కు పోరగాళ్లు మస్తుమంది ఆ దేశాలల్ల ఉండిరి. లక్ష మంది మీదికెల్లి మనోళ్లను విమానాలల్ల తెచ్చిండ్రు. ఇక్కడ పెట్రోలు ధర ఎక్కింది. అప్పటిదాక నా బండిని జూసి పెదవిరిచినోళ్లు బంకు కాడ నా పక్కకొచ్చి మెల్లగ అడుగుడు షురూ జేసిండ్రు, నిజం జెప్పు కాకా, ఎంతిస్తున్నది అని. మీ నాయినమ్మ తలుపు సూపిచ్చేది.

ఊకె ఇయ్యది బిడ్డా మైలేజీ. బండి సగం ఇస్తది, తోలేటోడు సగం ఇయ్యాలె. నలభై, నలభై ఐదు స్పీడు దాటకపోయేటోన్ని. గేర్లు నాలుగు అన్ని ముందుకే, మడిమె ఎనకకు తొక్కితె తగ్గుతయి. జల్ది నాలుగో గేర్లకు తేవాలె గని ఇంజన్ గునుస్తుంటె తియ్యాలె. క్లచ్ మీద ఏళ్లు పెట్టి తోలొద్దు. సలికి చోక్ గుంజి స్టార్ట్ జేసినంక, ఊరి పొలిమేర దాటకముందె లోపటికి నూకాలె. మర్చిపోతె అంత పెట్రోలు బూడిదల పోసినట్టె. చైన్ రెండేళ్లు ఆడేంత ఒదులుండాలె. టైర్ల గాలి వారానికొకసారి. ఇంకోటి, పాలోళ్లకు మాత్రమె తెలిసింది. ఒక క్యానుల పాలే పోసుకుంట పోతె బండి రెండో దిక్కు గుంజుతది. గుంజేదాన్ని పట్టుకునేతందుకు నీ చేతులు నొస్తయి, పెట్రోలు గూడ ఎక్కువ తాగుతది. ఈ క్యానుల రెండు లీటర్లు, ఆ క్యానుల రెండు లీటర్లు, గట్ల పోసుకుంట పోవాలె.

ఒకసారి తిప్పలయ్యింది. ఒక కాడ పోయిచ్చుకున్న పెట్రోల్ల కిరసనాయిల్ కలిసింది. సుచిత్ర కాడికి రాంగనె ఇంజన్ల గులకరాళ్లు పోసినట్టు సప్పుడు, ఆగిపాయె. పాలు ఎండల. క్యాన్లు దించి చెట్టు నీడకు పెట్టి, ప్లగ్గు ఇప్పి, మసి గీకి, కార్బురేటర్ గిన్నె ఇడిపిచ్చి కడిగిన. గా పని మెకానిక్ జేస్తుంటె రెండుసార్లు పక్కన కూసోని జూసిన, గంతే. మూడో కిక్కుకు అందుకున్నది. ఆ దినం పాలు ఇరగలే. అప్పటికెల్లి పక్క డబ్బాల ప్లగ్గు పానా, ఇంత గరుకు కాగితం, ఒక పాత ధోతి ముక్క ఎన్నడు తియ్యలే.

కొమురెల్లి సంగతి నీకు మీ నాయిన జెప్పిండో లేదో. బండి కొన్న రెండో ఏడు, మల్లన్న జాతరకు పోయినం. ముంగట టాంకి మీద మీ నాయిన, నడుమ మీ మేనత్త, ఎనక మీ నాయినమ్మ, ఆమె ఒళ్లె బోనం కుండ, గోనెల సుట్టి. శామీర్‌పేట చెరువు కట్ట కాడ ఆగి సద్ది రొట్టెలు తిన్నం. గజ్వేల్ల చాయ్. ఇటు 80, అటు 80 కిలోమీటర్లు ఉంటది. నలుగురం, కుండతోని ఐదుగురం అనుకో. ఇప్పుడు గట్ల తోలుమంటె నేనె వద్దంట, తలకు టోపీ గూడ లేకుండె ఎవ్వరికి. మల్లన్నకు బోనమెక్కిచ్చి, పట్నమేయిచ్చి, మర్నాడు ఇల్లు చేరినం. దిగంగనె ఇంకా చీర దుమ్ము దులుపుకోకముందె పుల్ల తీసి ముంచింది. రెండున్నర లీటర్లు అన్నది. బస్సుకైతె నలుగురికి ఎంతయ్యేదో మనసుల లెక్క గట్టినట్టుంది, అప్పుడు నవ్వింది. బర్రె పోయిన బాధ ఆమెకు ఆ దినం తీరింది. నాకు ఇప్పటికి గట్లనె అనిపిస్తది.

ఈ బండి పుట్టుక గురించి నాకు మెకానికే చెప్పిండు, తర్వాత పేపర్ల సూసిన. జపాన్ల హోండా సోయిచిరో అని ఒక కమ్మరి కొడుకు. వాళ్ల నాయిన సైకిళ్లు గూడ బాగుచేసేటోడట. పెద్ద లడాయి ఓడిపోయినంక, 1946ల, మిల్ట్రీ రేడియోలకు కరెంటిచ్చే చిన్న ఇంజన్లు పడి ఉంటె తెచ్చి సైకిల్‌కు బిగిచ్చిండు. పెట్రోలు టాంకికి ఏం దొర్కక, సలికి పక్కల పెట్టుకునే ఏడినీళ్ల బుడ్డినె పెట్టిండు. అట్లకెల్లి 1958ల సూపర్ కబ్ అనే బక్క బండి తీసిండు, నాలుగు దెబ్బలదే. 2017 నాటికి అవి పది కోట్లు దాటినయి. ఇక ఇటు హీరో అంటె ముంజాల్ అన్నదమ్ములు. ఇప్పటి పాకిస్తాన్ల ఉన్న కమాలియా ఊరికెల్లి వచ్చి, లూధియానాల సైకిల్ సామాన్లమ్మి, 1956ల సైకిళ్లు చేసుడు పెట్టిండ్రు. నా పాల సైకిల్ హీరోదే. అంటె అటు సైకిల్‌కు ఇంజన్ గట్టినాయన, ఇటు సైకిళ్లు జేసినోళ్లు. సైకిల్ దిగెటోని కాళ్ల నొప్పి తెలిసినోళ్లు చేసిన బండి ఇది. అందుకె అది మా అసోంటోళ్ల జేబు ఎరిగి తాగింది. 2010 ఆఖరుకు హీరో, హోండా ఇడిపోయినయి. నా టాంకి మీద ఇంకా రెండు పేర్లు గల్సే ఉన్నయి.

పాలు బందు జేసి చానేండ్లాయె. ద్రాక్ష తోటలు ప్లాట్లయినయి, బట్టల ఫ్యాక్టరీలొచ్చినయి, 2018ల మనది మున్సిపాలిటీ అయ్యింది. 2023 ఏప్రిల్ల ఎంఎంటీఎస్ రైలొచ్చింది, మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ దాక. మీ నాయిన స్ప్లెండర్ మీద ఇరవై ఏండ్లు కంపెనీకి పోయిండు. నువ్వు చార్జింగ్ పెట్టే స్కూటర్ తీస్కుంటనంటున్నవ్. తీస్కో. దానికి గూడ ఎంత కరెంటు తాగుతదో ఒక కాడ రాస్కో.

అగ్గి ఆరుతున్నది. లేద్దాం. రేపు పొద్దుగాల బండి తీస్తవా? ఐతె గోనెపట్ట తీసి ముందుగాల తాళం పెట్టకుంట నాలుగు కిక్కులు కొట్టు, కిందికి దిగిన ఆయిల్ పైకెక్కుతది. పెట్రోలు తిప్పు. చోక్ గుంజు. అప్పుడు తాళం పెట్టు. ఇంకోటి, పక్క డబ్బాల ప్లగ్గు పానా కింద గుడ్డల సుట్టి ఒక చీపురు పుల్ల ఉంటది, గాట్లు పెట్టింది. ఇరగ్గొట్టకు. టాంకిల ముంచి, తడి ఏ గాటు దాక ఉన్నదో నాకొచ్చి చెప్పు.