చందమామ మీదికి పోయింది నిజమే తమ్ముడూ!



మొన్న తల్లాడ సెంటర్‌లో టీ తాగుతుంటే మన సంఘంలో తిరిగే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, అమెరికావాళ్లు చంద్రుడి మీద దిగింది అంతా సినిమా అంట కదా. గాలి లేని చోట జెండా ఎట్లా ఎగురుతది? ఆకాశంలో ఒక్క చుక్క కూడా లేదు. పైనోడు చెప్పింది నమ్మొద్దని మీరే కదా చెప్తరు?" ఆ చివరి మాట కోసమే ఇంత పొడుగు జవాబు.

జెండా సంగతి తేలిక. గాలి లేకపోతే వేలాడిపోతుందని ముందే తెలుసు కాబట్టి పైఅంచున అడ్డంగా కడ్డీ దూర్చారు. పెట్టెలో మడతపెట్టిన ముడతలే మనకు ఎగురుతున్నట్టు కనిపిస్తాయి. చుక్కల సంగతి నీ ఫోన్‌తోనే తేల్చుకో. రాత్రిపూట ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీ ఆడేవాళ్లను ఫొటో తియ్యి, చుక్కలు పడవు. వాళ్లు దిగినప్పుడు అక్కడ ఎండ కాస్తోంది.

1969 నుంచి 1972 దాకా 6 సార్లు, 12 మంది దిగారు. 382 కిలోల రాళ్లు, మట్టి తెచ్చారు. వాటిని అమెరికా దాచుకోలేదు, వేరే దేశాలకూ ఇచ్చింది. ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో దేవేంద్ర లాల్ బృందం కూడా పరీక్షించింది. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు ఆ రేణువుల్లో చేసిన గాట్లను చదివారు. గాలి దుప్పటి కప్పుకున్న భూమి మీది రాయికి అలాంటి దెబ్బలు తగలవు. ఇక సోవియట్ సంగతి. వాళ్ల లూనా 15 అదే వారం చంద్రుడి చుట్టూ తిరిగి, జూలై 21న అక్కడే కూలింది. అబద్ధమైతే ముందు గోల చేసేది మాస్కోనే. మన చంద్రయాన్-2 కూడా 2021లో అపోలో 11 దిగిన చోటును ఫొటో తీసింది.

మరి ఈ అనుమానం ఎక్కడ పుట్టింది? 1976లో బిల్ కేసింగ్ అనే అమెరికన్ సొంతంగా అచ్చేసుకున్న పుస్తకంతో ఇది బాగా పాకింది. వియత్నాం, వాటర్‌గేట్ అబద్ధాలు బయటపడ్డ కాలం. ప్రభుత్వం మీద జనానికి మంట ఉండటం న్యాయమే. కానీ పైనోడు చెప్పాడు కాబట్టే అబద్ధం అంటే, మన బుర్ర ఇంకా వాడి చేతిలోనే ఉన్నట్టు.

అంతా సినిమా అంటే ముందు ఎవరి పని తుడిచిపెట్టుకుపోతుందో చూడు. కేథరిన్ జాన్సన్ నల్లజాతి ఆడబిడ్డ. వాళ్ల జిల్లాలో నల్లపిల్లలకు ఎనిమిదో తరగతి తర్వాత బడి లేదు. పిల్లల చదువు కోసం ఆ కుటుంబం వేరే ఊరికి పోయింది. ఆమె చేరిన లాంగ్లీ కేంద్రంలో నల్ల ఆడవాళ్లకు భోజనాల బల్ల వేరు, మరుగుదొడ్డి వేరు. రెండు గ్లాసుల హోటళ్లు చూసిన మనకు ఇది విప్పి చెప్పాలా? అపోలో ప్రయాణపు లెక్కల్లో ఆమె చెయ్యి ఉంది.

ఇంకొకాయన రాల్ఫ్ అబర్నతీ. మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత ఆ ఉద్యమాన్ని నడిపినవాడు. 1969 జూలై 15న, అంటే అపోలో 11 బయలుదేరే ముందురోజు, పేద కుటుంబాలతో, కంచరగాడిదల బండ్లతో ప్రయోగ కేంద్రం దగ్గరికి వెళ్లాడు. దేశంలో ఐదోవంతు మందికి తిండి, బట్ట, గూడు, వైద్యం సరిగ్గా లేవన్నాడు. నాసా అధిపతి థామస్ పెయిన్ ఎదురొచ్చి మాట్లాడాడు. మీట నొక్కకుండా ఉంటే పేదరికం పోతుందంటే రేపు నొక్కేవాళ్లమే కాదన్నాడు. మాట బాగానే ఉంది, ఆకలి తీరలేదు. అయినా అబర్నతీ ఆ ప్రయాణం అబద్ధమనలేదు. వెళ్లేవాళ్లు క్షేమంగా రావాలనే కోరుకున్నాడు. ఆయన అడిగింది డబ్బు లెక్క: చంద్రుడికి ఉన్నది, మా పిల్లల కంచానికి ఎందుకు లేదు?

ఆ ప్రశ్న మన దగ్గరా ఉంది. అప్పటి మన జిల్లాలో పాల్వంచ థర్మల్ ఉద్యోగాల గొడవ రగిలిన ఆ 1969లోనే, రాకెట్ కేంద్రానికి శ్రీహరికోట దీవిని ఎంచుకున్నారు. అక్కడ అడవినీ నీళ్లనూ నమ్ముకుని బతికిన యానాదులను కదిలించారు. 2023లో చంద్రయాన్-3 లేచింది ఆ నేల మీంచే. టీవీ ముందు మనమూ చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. ఆ దీవి వదిలిన కుటుంబాల పిల్లల్లో ఎందరు లోపల ఇంజనీర్లయ్యారు తమ్ముడూ? అనుమానం ఉంటే అక్కడ పెట్టు.

వచ్చే భాగం శ్రీహరికోట యానాదుల మీదే.